గుజ్జనగూళ్ళ షేర్లు

చిన్నప్పుడు బందరులో, మా పెరట్లో బాదంచెట్టు కింద గుజ్జనగూళ్ళు ఆడుకునేవాళ్ళం. ఇసుక అన్నం, ఇటికపొడి కారం, ఏదో ఒక ఆకు కూర, అన్నీ లక్కపిడతల్లోనే. నేను వండిన అన్నం రోజూ మాడిపోయేది. అంటే మాడిపోయిందని మేమే అనుకునేవాళ్ళం. మా అమ్మ వసారాలో బియ్యం ఏరుకుంటూ మమ్మల్ని చూసి నవ్వేది. ‘‘ఇక్కడ ఎంత మాడ్చినా ఫరవాలేదే. రేపు అత్తారింట్లో మాడ్చకు’’ అనేది.

అరవై రెండేళ్ళొచ్చాక మళ్ళీ గుజ్జనగూళ్ళు ఆడతానని నేను కలలో కూడా అనుకోలేదు. ఈసారి ఇసుక బదులు షేర్లు. లక్కపిడతల బదులు రెండువందల పేజీల రూళ్ళ పుస్తకం.

సంగతేమిటంటే, పెళ్ళిలో పసుపుకుంకుమల కింద మా నాన్నగారు నా పేర రాసిన అరవై సెంట్ల చెక్క ఒకటుండేది. దాన్ని 2019 సంక్రాంతి వెళ్ళాక అమ్మేశాం. తొమ్మిది లక్షలొచ్చింది. నా జన్మలో ‘ఇది నాది’ అనుకోగలిగినంత డబ్బు నా చేతికి రావడం అదే మొదలు. ఇక సలహాలకేం కొదవ? మావారు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టన్నారు. అబ్బాయి స్థలమన్నాడు. మా అమ్మాయి మాత్రం, ‘‘కొంతైనా షేర్లలో పెట్టు అమ్మా’’ అంది.

ఆ మాట వినగానే మావారు భోజనం దగ్గర్నించి లేచి వెళ్ళిపోయారు. పెరుగన్నం కూడా కలుపుకోలేదు.

లేవరూ మరి! మా ఇంట్లో పాతికేళ్ళుగా ‘షేరు’ అన్న మాట ఎవరూ ఎత్తరు. 1994లో మా కోస్తా అంతా వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజులు. ఊరూరా ఒక రొయ్యల కంపెనీ లేచింది. అందులో ఒక కంపెనీ జనానికి షేర్లమ్మింది. కంపెనీ పేరెందుకు లెండి, ఇప్పుడు అది ఉంటే కదా! మావారు పి.ఎఫ్.లో అప్పు తీసి అందులో పెట్టారు. చాలలేదు. నా పెళ్ళినాటి గాజులు నాలుగూ తాకట్టుకెళ్ళాయి. అచ్చం శుభలేఖల్లా నగిషీలు చెక్కిన షేరు కాగితాలొచ్చాయి. రెండేళ్ళు తిరిగేసరికి కంపెనీ ఆఫీసుకి తాళం పడింది. గాజులు మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ ఏళ్ళలో అలా జనం దగ్గర డబ్బు పట్టుకుని మాయమైపోయిన కంపెనీలు దేశంలో ఎన్నో ఉన్నాయి. వాటికి సర్కారువారే ‘మాయమైన కంపెనీలు’ అని పేరు పెట్టారంటే చూసుకోండి. ఆ శుభలేఖలు మాత్రం ఇప్పటికీ మా బీరువా అడుగు అరలో ఉన్నాయి.

అందుకే నాకు కొంత భయం, కొంత పౌరుషం. మా అమ్మాయికి నా సంగతి తెలుసు. ‘‘సరే అమ్మా, ఒక ఏడాదిపాటు ఉత్తుత్తి డబ్బుతో ఆడు. లక్ష రూపాయలున్నాయనుకో. కొన్నట్టు రాసుకో, అమ్మినట్టు రాసుకో. ఏడాదయ్యాక లెక్క చూసుకుని అప్పుడు తేల్చుకో’’ అంది.

ఇంగ్లీషువాళ్ళు దాన్నే ‘పేపర్ ట్రేడింగ్’ అంటారట. కాగితం బేరం అన్నమాట. నాకు మాత్రం గుజ్జనగూళ్ళే గుర్తొచ్చాయి.

నాకో జబ్బుంది. ఏదైనా కొత్తది మొదలెడితే, పెళ్ళిసంబంధానికి అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ విచారించినట్టు, దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోందే నిద్రపట్టదు. మా అమ్మాయి తెచ్చిన పుస్తకాలూ లైబ్రరీ పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. చెప్పొద్దూ, షేరు ధరలకన్నా ఆ చరిత్రే నాకు ఎక్కువ రుచించింది.

అసలు జనం కొనుక్కుని మళ్ళీ అమ్ముకునే షేర్లు పెద్ద ఎత్తున పుట్టింది హాలెండులో, 1602లో. డచ్చి ఈస్టిండియా కంపెనీ పెట్టినప్పుడు, ఎవరైనా సరే ఎంతైనా సరే పెట్టుబడి పెట్టవచ్చునన్నారు. ఆమ్‌స్టర్‌డాంలో డిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుడింట్లో చిట్టాపుస్తకం తెరిచారు. ఆగస్టు నెలంతా పెద్ద పెద్ద వర్తకులొచ్చి సంతకాలు పెట్టి వెళ్ళారు. ఆఖరిరోజున, ఇక పుస్తకం మూసేస్తారనగా, ఒకావిడ వచ్చి వంద గిల్డర్లు రాయించింది. ఆవిడ పేరు నేల్ట్‌జెన్ కార్నెలిస్. ఎవరనుకున్నారు? ఆ ఇంట్లో పనిమనిషే!

పనిమనిషికి వంద గిల్డర్లంటే మాటలు కావు. ఆ నెల్లాళ్ళూ వచ్చేపోయేవాళ్ళకి తలుపు తీస్తూ, గిన్నెలు తోముకుంటూ, వాళ్ళ మాటలు వింటూ, ఎవరెంత రాశారో చూస్తూ ఉండి ఉంటుంది. మనసులో ఎన్నిసార్లు రాసుకుని ఎన్నిసార్లు కొట్టేసుకుందో! ఆఖరిరోజుదాకా ఆగడంలోనే నాకావిడ బుద్ధి కనబడింది. ఉత్తుత్తి బేరం మొదట ఆడింది ఆవిడేనని నా నమ్మకం. రుజువు అడక్కండి.

ఆ కంపెనీ మనకి పరాయిదేం కాదు సుమండీ. 1605 ప్రాంతంలో డచ్చివాళ్ళు వచ్చి దిగింది మా బందరులోనే. మనవాళ్ళు నేసిన, అద్దిన గుడ్డలు ఇక్కడ కొని, తూర్పుదీవుల్లో వాటికి బదులు మిరియాలూ జాపత్రీ తీసుకునేవాళ్ళు. 1610లో ఆ కంపెనీ మొదటిసారి లాభం పంచినప్పుడు, షేరుదారులకి చాలామటుకు రొక్కానికి బదులు జాపత్రీ, మిరియాలూ కొలిచిపెట్టింది. లాభం కింద జాపత్రి ఇస్తే ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఏం చేసుకున్నారో పాపం, ఎంత మసాలా అని నూరతారు?

ఒక తరం గడిచి రెండో తరం వచ్చేసరికి ఆమ్‌స్టర్‌డాంలో షేర్ల వెర్రి వీధివీధికీ పాకింది. 1688లో జోసెఫ్ ద లా వేగా అనే ఆయన దానిమీద స్పానిషు భాషలో ఒక పుస్తకం రాశాడు. షేర్ల బజారు గురించి పుట్టిన మొదటి పుస్తకమదే అంటారు. దాని పేరుకి అర్థం ‘అయోమయాల్లోకెల్లా అయోమయం’. పేరులోనే సగం సత్యం చెప్పేశాడు మహానుభావుడు. ఒక తత్వవేత్తా, ఒక వర్తకుడూ, ఒక షేర్ల వ్యాపారీ మాట్లాడుకుంటున్నట్టు రాశాడు.

అందులో ‘డుకటన్ షేర్లు’ అని ఒక తమాషా ఉంది. అసలు షేరు ముఖవిలువ మూడువేల గిల్డర్లు. బజారులో దానికి ఎన్నో రెట్లు పలికేది. సామాన్యుడికి ఎక్కడ అందుతుంది? అందుకని దాన్ని పది వంతులు చేసినట్టు అనుకుని, చిన్నవాళ్ళు ఆ పదోవంతు మీద పందెం వేసుకునేవారు. ధర ఒక్క పాయింటు కదిలితే ఒక డుకటన్. అంటే ఒక వెండినాణెం లాభమో నష్టమో. నెలకోసారి లెక్క తేల్చుకోవడం. నిజానికి షేరు చేతులు మారేది కాదు, పుస్తకంలో రాత మాత్రమే. చేతిఖర్చు డబ్బులున్న పిల్లకాయలు కూడా ఆడేవారట. పెద్ద షేర్లకి ఇది బడి అనుకున్నారు కొందరు. కాని వేగా గారు చూసినదేమిటంటే, బడికి వెళ్ళినవాళ్ళు జూదగాళ్ళయి బయటికొచ్చారు! ఆయన చెప్పిన మొదటి నీతి, ఎవరికీ కొనమనీ అమ్మమనీ సలహా ఇవ్వొద్దని. 1994లో మావారికి రొయ్యల కంపెనీ సంగతి చెప్పిన స్నేహితుడికి ఈ పుస్తకం ఎవరైనా చదివి వినిపించి ఉంటే నా గాజులు నిలిచేవి.

జపానులో కథ ఇంకోరకం. అక్కడ ఒసాకా నగరంలో దోజిమా అని బియ్యం బజారు. 1730లో ప్రభుత్వం దానికి పరవానా ఇచ్చింది. అక్కడ అసలు బియ్యంతోపాటు ‘పుస్తకంలో బియ్యం’ కూడా అమ్మేవారు. గింజ కళ్ళబడదు, బస్తా కదలదు. ఫలానా ధరకి ఇన్ని బస్తాలని పుస్తకంలో రాసుకుని, తర్వాత హెచ్చుతగ్గులు మాత్రం రొక్కంగా ఇచ్చిపుచ్చుకోవడం. పొద్దున్న ఒక తాడు అంటించి పెట్టేవారు. అది కాలి ఆరిపోతే ఆ రోజుకి బేరాలు సరి. అప్పటికీ కదలకుండా అరుచుకుంటూ నిలబడ్డవాళ్ళమీద నీళ్ళు చల్లి తరిమేవారట! ఆ మాట చదివి నేను ఒక్కదాన్నే పడీపడీ నవ్వుకున్నాను. మన పెళ్ళిళ్ళలో పేకాటరాయుళ్ళని లేపడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఉందా?

మన బొంబాయి సంగతి కూడా చెప్పాలి. 1850ల్లో టౌన్‌హాలు ఎదుట మర్రిచెట్టు కింద నలుగురైదుగురు దళారులు చేరి షేర్లు అమ్మేవారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఇంగ్లండుకి వెళ్ళడం ఆగిపోయింది. మన పత్తికి బంగారం ధర పలికింది. ఆ డబ్బంతా బొంబాయిలో కుమ్మరిస్తే కొత్త కొత్త కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామన్న కంపెనీ అయిదువేల షేరు యాభైవేలదాకా పాకింది. ఆ వెర్రికి పెద్ద దిక్కు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే ఆయన. 1865లో యుద్ధం ఆగింది, పత్తి ధర కూలింది, ఆ జూలై 1న వాయిదాబేరాల లెక్క తేల్చవలసిన రోజున డబ్బు కట్టగలిగినవాళ్ళు లేకపోయారు. బొంబాయి బ్యాంకు షేరు 2,850 రూపాయల నుంచి 87కి పడిందని చెబుతారు. ప్రేమ్‌చంద్ దివాలా తీశాడు. మంచిరోజుల్లో తల్లి పేర ఆయన ఇచ్చిన డబ్బుతో కట్టిన రాజాబాయి గడియారస్తంభం మాత్రం 1878లో పూర్తయి, ఇప్పటికీ బొంబాయి యూనివర్సిటీలో నిలబడి ఉంది. కొడుకు కూడబెట్టినదంతా పోయినా తల్లి పేర ఇచ్చింది మిగిలింది. దీనికి ఏ నీతి చెప్పుకోవాలో మీకే వదిలేస్తున్నాను.

ఆ మర్రిచెట్టు కింది దళారులే 1875లో సంఘం పెట్టుకున్నారు. బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజి అదే. ఆ ఊళ్ళోనే తర్వాత ఇంకో ఆట పుట్టింది. న్యూయార్కులో పత్తి ఎంతకి తెరిచారో ఎంతకి మూశారో తంతివార్త వచ్చేది. పత్తి కొనేదీ లేదు, అమ్మేదీ లేదు, ఆ అంకె మీదే పందాలు. 1960ల్లో ఆ వార్త రావడం ఆగిపోతే, కుండలో చీట్లు వేసి తియ్యడం మొదలెట్టారు. కుండని మట్కా అంటారు కదా. ఎన్నో కొంపలు ముంచిన ఆ మట్కా జూదం అలా పుట్టిందే.

ఇవన్నీ చదివాక నాకు ఒకటి తెలిసింది. ఉత్తుత్తి బేరంలో రెండు జాతులున్నాయి. ఒకటి, సరుకు ఉత్తుత్తిది, డబ్బు నిజంది. డుకటన్, పుస్తకంలో బియ్యం, మట్కా, అన్నీ ఈ జాతే. రెండోది, సరుకూ ఉత్తుత్తిదే డబ్బూ ఉత్తుత్తిదే. గుజ్జనగూళ్ళు ఈ రెండో జాతి. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళకే కష్టాలన్నీ.

రెండో జాతి ఎప్పుడు పుట్టిందో గాని, వందేళ్ళ కిందటికే అమెరికాలో బాగా వాడుకలో ఉండేదని రుజువుంది. జెస్సీ లివర్‌మోర్ అనే ఆయన పద్నాలుగేళ్ళ వయసులో బోస్టనులో ఒక షేర్ల ఆఫీసులో నల్లబల్ల మీద సుద్దముక్కతో ధరలు రాసే పనిలో చేరాడు. ధరల నడక చూసి చూసి, రేపు ఏది పెరుగుతుందో ఏది తగ్గుతుందో ఊహించడం పట్టుబడింది. ‘బకెట్ షాపులు’ అని అప్పుడు ఉత్త పందెపు కొట్లుండేవి. అక్కడ ఆడి ఆడి, చివరికి వాళ్ళే ‘నువ్వు రావద్దు నాయనా’ అనేదాకా గెలిచాడు. ఆయన కథనే పేరు మార్చి ఎడ్విన్ లెఫెవ్రే అనే రచయిత 1923లో పుస్తకంగా వేశాడు. అందులో కుర్రవాడు ఒక చిన్న పుస్తకంలో తన ఊహలు రాసుకుంటాడు. అయితే చాలామంది రాసుకునే ఉత్తుత్తి బేరాల పుస్తకం కాదు తనదని ప్రత్యేకం చెప్పుకుంటాడు. అంటే అప్పటికే అలా రాసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారన్నమాట! తమ పొరపాట్లు తాము తెలుసుకోవడానికి గాక, ఊరికే లక్షలు గడించినట్టూ పోగొట్టుకున్నట్టూ మురిసిపోవడానికి రాసేవాళ్ళని ఆయన ఎగతాళి చేస్తాడు.

అదే పుస్తకంలో ఇంకో ముచ్చట ఉంది. ఒకాయన ద్వంద్వయుద్ధానికి వెళుతున్నాడు. ‘నువ్వు తుపాకి బాగా కాలుస్తావా?’ అని అడిగితే, ‘ఇరవై అడుగుల దూరంలోంచి గాజుగ్లాసు కాడని కొట్టగలను’ అన్నాడు. ‘మంచిదే, ఆ గాజుగ్లాసు నీ గుండెకి తుపాకి గురిపెట్టి ఉంటే కూడా కొట్టగలవా?’ అన్నాడు స్నేహితుడు. చదివినప్పుడు ఇది నాకు అంతగా ఎక్కలేదు. తర్వాత ఎక్కింది. చెబుతాను.

2019 ఉగాది రోజున పచ్చడి తిని, రూళ్ళ పుస్తకానికి పసుపుబొట్టు పెట్టి మొదలెట్టాను. ఉత్తుత్తి లక్ష. నా వంటింట్లోనూ స్నానాలగదిలోనూ కనబడే సరుకుల కంపెనీలు నాలుగు, ఒక బ్యాంకు, ఒక రంగుల కంపెనీ, మొత్తం ఆరు. మా అమ్మాయి షరతులు పెట్టింది. పెన్సిలు వాడకూడదు, పెన్నుతోనే రాయాలి. ఎందుకు కొంటున్నానో కొనకముందే రాయాలి. దళారి ఖర్చు కూడా వెయ్యాలి. కొట్టివేతలు ఉండకూడదు.

ఏం చెప్పను? మొదటి నెలలోనే దొంగతనం చేశాను. ఒక షేరు ఒక్కరోజులో బాగా పెరిగిందని సాయంత్రం వార్తల్లో విని, ‘నిన్ననే కొందామనుకున్నాను కదా’ అని నిన్నటి తేదీ వేసి రాసేశాను. రాత్రి దేవుడి దగ్గర దీపం పెడుతుంటే సిగ్గేసి, వెళ్ళి అడ్డంగా గీత కొట్టాను. ఆ గీత ఇప్పటికీ ఉంది. ఉత్తుత్తి డబ్బు కోసమే నేను దొంగలెక్క రాశానంటే, నిజం డబ్బయితే ఏం చేద్దును?

సెప్టెంబరు ఆఖరుకి లెక్క వేస్తే లక్ష కాస్తా లక్షా పద్నాలుగువేలయింది. అయిదారు నెలల్లో నూటికి పద్నాలుగు! ఇల్లంతా టముకు వేశాను. మావారు ఉద్యోగమంతా సర్కారువారి లెక్కల సెక్షనులో చేసి రిటైరైన మనిషి. మాట్లాడకుండా కళ్ళజోడు పెట్టుకుని నా పుస్తకం తిరగేశారు. తర్వాత మెల్లగా అడిగారు. ‘‘నెలకో రెండువేలు కలుపుతున్నట్టున్నావు, ఇదేమిటి?’’

‘‘ఇంటిఖర్చులో మిగిల్చినట్టు అనుకుని వేస్తున్నానండీ.’’

‘‘అయిదు నెలలకి పదివేలయింది. అంటే నువ్వు పెట్టింది లక్షాపదివేలు. వచ్చిన లాభం నాలుగువేలే. పద్నాలుగు కాదు, నూటికి నాలుగు కూడా లేదు.’’

నా మొహం మాడిన ఇసుకన్నంలా అయింది. అయితే ఈ పొరపాటు చేసింది నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసి కొంచెం తెప్పరిల్లాను. అమెరికాలో బియర్డ్స్‌టౌను అనే చిన్న ఊళ్ళో పదహారుమంది ఆడవాళ్ళు, చాలామటుకు పెద్దవయసువాళ్ళే, 1983లో పెట్టుబడుల సంఘం పెట్టుకున్నారు. నెలనెలా చందా వేసుకుని షేర్లు కొనేవారు. పదేళ్ళపాటు ఏడాదికి నూటికి 23.4 చొప్పున లాభం తీశామని, 1994లో వంటకాలతో సహా పుస్తకం వేశారు. దేశమంతా ఆహా అంది, టీవీల వాళ్ళు వెంటబడ్డారు. 1998లో ఎవరో విలేకరికి అనుమానమొచ్చింది. పెద్ద ఆడిటర్లు లెక్క తీస్తే అసలు లాభం 9.1 అని తేలింది. మోసమేం కాదు. నెలనెలా వేసుకున్న చందాని కూడా లాభం కింద కలిపేసుకున్నారు. ఆ ఏళ్ళలో ఏమీ ఆలోచించకుండా అన్ని పెద్ద కంపెనీలూ కలిపి కొన్నవాళ్ళకే నూటికి 15 దాకా వచ్చింది! పోపులపెట్టెలో దాచిన డబ్బుని లాభమనుకునే అలవాటు ఒక్క తెలుగు ఆడవాళ్ళదే కాదన్నమాట.

అమెరికాలో బళ్ళలో పిల్లలకి 1977 నుంచీ ఈ ఆట పాఠంగానే ఉంది. ఉత్తుత్తి డాలర్లు లక్ష ఇచ్చి షేర్లు కొనమంటారు. ఇంకో వింత వినండి. 1973లో బర్టన్ మాల్కీల్ అనే ప్రొఫెసరు, కళ్ళకి గంతలు కట్టిన కోతి పత్రికలోని షేర్ల పేజీ మీద బాణాలు విసిరినా నిపుణుల మాదిరిగానే ఏరుతుందని రాశాడు. దాన్ని తేల్చడానికి ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ పత్రిక 1988లో పందెం పెట్టింది. కోతుల బదులు పత్రిక సిబ్బందే గోడ మీది పేజీకి బాణాలు వేశారు. 1998లో నూరు పందాలు పూర్తయ్యేసరికి నిపుణులు 61 సార్లు నెగ్గారు, బాణాలు 39 సార్లు. బజారు సగటుతో పోల్చుకుంటే మాత్రం నిపుణులు నెగ్గింది నూటికి 51 సార్లే. అంటే బొమ్మాబొరుసూ వేసినట్టే! అది కూడా కాగితం మీదే, ఎవరి జేబులోంచీ పైసా కదల్లేదు.

మళ్ళీ నా పుస్తకానికి వస్తాను. 2020 మార్చి వచ్చింది, మహమ్మారి వచ్చింది. మార్చి 23న ఒక్కరోజున సెన్సెక్సు 3,934 పాయింట్లు పడిపోయి, 25,981 దగ్గర ఆగింది. నూటికి పదమూడు ఒక్కపూటలో పోయింది. రెండురోజులకి ఉగాది. లాక్‌డౌను మొదలైన రోజు కూడా అదే. వేపపువ్వు దొరక్క పచ్చడి సగంలో ఆగింది. లెక్క వేశాను. మొత్తం వేసింది లక్షా ఇరవైరెండువేలు, మిగిలింది ఎనభైనాలుగు. ముప్ఫైఎనిమిదివేలు గంగపాలు.

నేనేం చేశానో తెలుసా? ‘‘పోతే పోయిందిలే, మళ్ళీ పెరుగుతుంది’’ అని నవ్వి, పుస్తకం మూసి, పడుకుని హాయిగా నిద్రపోయాను. ‘నాకు గుండె ధైర్యం ఉంది’ అని పొంగిపోయాను కూడా. అన్నట్టే బజారు మళ్ళీ లేవడం మొదలెట్టింది. ఇక నేను పండిపోయాననుకున్నాను.

జూనులో నిజం డబ్బు ఇరవైవేలు తీసి, మా అమ్మాయి చేత ఖాతా తెరిపించి, రెండు కంపెనీల షేర్లు కొన్నాను. మూడోరోజుకి ఆరువందల రూపాయలు తగ్గింది. ఆరువందలండీ! ఒక చవక చీర ఖరీదు. ఆ పూట ఉప్మా మాడ్చాను. నిజం ఉప్మా. సెల్‌ఫోను పదకొండుసార్లు చూశాను. రాత్రంతా కళ్ళు మూస్తే చాలు, తాకట్టుకొట్టులో త్రాసుమీద నా గాజులు కనబడ్డాయి. తెల్లారి ఎవరికీ చెప్పకుండా రెండూ అమ్మేశాను. ఆ నెలాఖరుకి ఆ రెండూ నేను కొన్న ధర దాటి పైకెళ్ళాయి.

ముప్ఫైఎనిమిదివేలు పోతే నవ్విన మనిషి, ఆరువందలకి ఏడ్చింది. గాజుగ్లాసు నా గుండెకి తుపాకి గురిపెట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ సంగతి కూడా పుస్తకంలో పెన్నుతోనే రాశాను. ఒకరోజు మావారు అది చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బీరువా తీసి, అడుగు అరలోంచి ఆ రొయ్యల కంపెనీ కాగితాలు తెచ్చి బల్లమీద పెట్టారు. ‘‘నేనూ అప్పుడు ఒక పుస్తకంలో ఇలా రాసుకుని ఉండవలసింది. కనీసం నిన్ను అడిగి ఉండవలసింది’’ అన్నారు. గాజులు పోయిన ఇరవైఆరేళ్ళకి ఆయన నోట ఆ మాట విన్నాను. నిజం చెప్పాలంటే నా గుజ్జనగూళ్ళ ఆటలో నాకొచ్చిన అసలు లాభం అదే. దానికి శాతాలు కట్టలేను.

తర్వాత ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. ఆరు లక్షలు బ్యాంకులోనూ పోస్టాఫీసులోనూ వేశాం. మిగతాది నెలకి కొంచెం కొంచెంగా, అన్ని పెద్ద కంపెనీలూ కలిసివచ్చే ఇండెక్సు ఫండులో. పదేళ్ళదాకా ముట్టుకోకూడదని ఒప్పందం. సంతకాలు రూళ్ళ పుస్తకంలోనే. ఇందులో నా తెలివేమీ లేదు. నేను ఆరువందలకి నిద్రపోలేని మనిషినని పుస్తకం నాకు చెప్పింది. అలాంటి మనిషికి ఏది పడుతుందో అదే చేసుకున్నాం.

ఇప్పటి పిల్లలకి పుస్తకం అక్కర్లేదు, సెల్‌ఫోనులోనే ఉత్తుత్తి షేర్ల ఆటలొచ్చాయి. ఆడనివ్వండి, మంచిదే. కాని అందులోనూ డబ్బు కట్టించుకుని బహుమతులిస్తామనే రకాలు బయల్దేరాయి. అటువంటివాటి జోలికి పోవద్దని 2024లో ‘సెబీ’ హెచ్చరించింది కూడా. సరుకు ఉత్తుత్తిదీ డబ్బు నిజందీ అయితే, అది డుకటన్ కులమే కదా! అదే 2024లో సెబీ ఇంకో లెక్క తేల్చింది. వాయిదాబేరాల్లో, అంటే ఎఫ్ అండ్ ఓ అంటారే అందులో, మూడేళ్ళలో దిగిన కోటిమందికి పైగా మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారట. మొత్తం మీద లక్షా ఎనభైవేల కోట్లు దాటింది నష్టం. వాళ్ళలో ఎంతమంది ముందు కాగితం మీద నెగ్గి మురిసిపోయారో మరి!

మొన్న వేసవికి మనవరాలొచ్చింది. బాల్కనీలో కుండీలోని మట్టి తీసి, ప్లాస్టిక్ గిన్నెల్లో అన్నం వండుతోంది. ‘‘అమ్మమ్మా, మాడిపోయింది!’’ అని అరిచింది.

‘‘ఫరవాలేదే తల్లీ, ఇక్కడ ఎంత మాడ్చినా ఫరవాలేదు’’ అన్నాను. మా అమ్మ మాటే. అయితే ఇన్నాళ్ళకి నేను దానికి ఇంకో మాట కలుపుతాను. ఆట ఎంత బాగా ఆడినా, నిజం పొయ్యి మొదటిసారి ముట్టించేటప్పుడు మాత్రం చిన్నగిన్నె పెట్టుకోండి. అది మాడకుండా ఉండదు. మాడితే తోముకోవడానికి సులువుగా ఉంటుంది.